డేటా అయిపోయాక మెయిల్ ఎందుకు కదలదు?

ప్రశ్న: నాది రోజుకు 1.5 జీబీ ప్యాక్. సాయంత్రానికే అయిపోతుంది. ఆ తర్వాత మామూలు మెసేజ్‌లు పోతున్నాయి గానీ, మా అబ్బాయి మార్కుల మెమో ఫొటో పెట్టిన మెయిల్ మాత్రం ఔట్‌బాక్స్‌లోనే ఉండిపోతోంది. ఫోన్‌లో లోపమా?
– ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు: ఫోన్‌లో లోపమేమీ లేదండి. రోజు కోటా అయిపోగానే చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. కేబీపీఎస్ అంటే సెకనుకు కిలోబిట్లు; 8 బిట్లు ఒక బైటు కాబట్టి, అది సెకనుకు 8 కేబీ (కిలోబైట్లు). నాలుగు మాటల మెసేజ్‌కి అది చాలు. ఫోన్ కెమెరా ఫొటో అలా కాదు, ఒక్కోటి 4 ఎంబీ దాకా ఉంటుంది. మెయిల్‌లో పెడితే ఇంకా ఉబ్బుతుంది. మెయిల్ వ్యవస్థ పుట్టిందే అక్షరాలు మోయడానికి కాబట్టి, ఫైల్‌లోని ప్రతి 3 బైట్లనూ 4 అక్షరాలుగా మార్చి పంపుతుంది. దీన్ని బేస్64 అంటారు. అలా 4 ఎంబీ ఫొటో దాదాపు 5.5 ఎంబీ అవుతుంది. ఆ వేగంలో అది వెళ్లడానికి పదకొండు నిమిషాలకు పైనే పడుతుంది. మధ్యలో సిగ్నల్ తెగితే సాధారణంగా మళ్లీ మొదటినుంచే ఎక్కించాలి. ఔట్‌బాక్స్‌లో ఆగిపోయేది అందుకే.

ముందు ఫొటోలో మెమో అంచులదాకా క్రాప్ చేయండి. తర్వాత 4000×3000 పిక్సెళ్లను 1600×1200కు తగ్గించండి. సుమారు 400 కేబీకి దిగుతుంది, నిమిషం పైచిలుకులో వెళ్లిపోతుంది. పంపేముందు జూమ్ చేసి హాల్ టికెట్ నంబరు చదవగలుగుతున్నారో లేదో తప్పకుండా చూడండి. అసలు ఫొటో చెరిపేయకండి. జిప్ చేస్తే (ఫైలును కుదించి కట్టగడితే) మాత్రం లాభం లేదు, ఫోన్ ఫొటో సాధారణంగా ఉండే జేపెగ్ రూపం అప్పటికే కుదించిన ఫైలు.

కోటా సాయంత్రానికే ఎందుకు అయిపోతోందో కూడా చూసుకోండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి, మొబైల్ డేటా మీద ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా టిక్కులు తీసేయండి. ఆ టిక్కులు ఉంటే, గ్రూపుల్లో వచ్చే వీడియోలు మీరు చూడకపోయినా మీ కోటాలోంచే దిగుతాయి.

ప్రశ్న: మా ఆఫీసు మెయిల్‌కి 10 ఎంబీ హద్దు. 8 ఎంబీ ఫైలు తిరిగొచ్చింది!
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చాలా సర్వర్లు పైన చెప్పిన ఉబ్బిన సైజునే లెక్కిస్తాయి. 8 ఎంబీ దాదాపు 11 అవుతుంది. 7 ఎంబీ లోపు ఉంచండి, లేదా గూగుల్ డ్రైవ్‌లో (నెట్‌లో ఫైళ్లు దాచే చోటు) పెట్టి లింకు పంపండి. పదిమందికి పంపేటప్పుడు లింకే మేలు, కావలసినవాళ్లే దించుకుంటారు.

ప్రశ్న: తెలుగులో ఎస్సెమ్మెస్ పంపితే ప్యాక్‌లో ఎక్కువ తెగుతోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఇంగ్లీషు అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా హద్దు 70కి తగ్గుతుంది. పొడవైతే ముక్కకు 67 చొప్పున విరిగి, ప్రతి ముక్కా ఒక ఎస్సెమ్మెస్‌గా లెక్కకొస్తుంది. పైగా కంటికి ఒక్క అక్షరంలా కనిపించే 'స్త్రీ' లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇంతకోసం తెలుగు మానుకోవద్దు. నెట్ ఉంటే వాట్సాప్‌లో రాయండి, అక్కడ పొడవైన తెలుగు మెసేజ్ కూడా కొద్ది కేబీలే.