ఫైనలైజేషన్ కంటే ముందు సబ్సిడీ కాగితం

చిరంజీవి అమ్మాయికి,

నీకూ అల్లుడికీ పెద్దమ్మ ఆశీస్సులు. మీ దగ్గర తాత్కాలిక సంరక్షణలో, అంటే ఫాస్టర్ కేర్‌లో ఉన్న అక్కాతమ్ముళ్లను మీకే దత్తత ఇవ్వడానికి ఏజెన్సీ ఒప్పుకుందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. కేస్ వర్కర్ సబ్సిడీ మాట, అంటే దత్తత వెళ్లిన పిల్లల కోసం సర్కారు నెలనెలా ఇచ్చే సాయం మాట, ఎత్తితే అల్లుడు "మాకవసరం లేదండీ, ఇద్దరం సంపాదించుకుంటున్నాం" అన్నాడని కూడా చెప్పింది. ఈ ఉత్తరం ఆ మాట విని రాస్తున్నదే.

అతని ఆత్మాభిమానం నాకు తెలియనిది కాదు. పిల్లల్ని తెచ్చుకుని సర్కారు డబ్బు తీసుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని మనవాళ్లకు ఉంటుంది. మా పిల్లల్ని దత్తత తీసుకున్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే వాదన నడిచింది. కానీ ఆ డబ్బు మీది కాదు, పిల్లలది. అమెరికాలో 1980లో వచ్చిన ఫెడరల్ (కేంద్ర) చట్టం ఉద్దేశమే అది: డబ్బు లేదన్న కారణంతో ఈ పిల్లలు శాశ్వతమైన ఇల్లు లేకుండా ఉండిపోకూడదని. అందుకే పెంచుకునేవాళ్ల ఆదాయం ఎక్కువన్న కారణంతో అర్హత లేదనడానికి వీల్లేదు. నెలకు ఎంతన్నది తేల్చేటప్పుడు మాత్రం పిల్లల అవసరాలతో పాటు మీ పరిస్థితి కూడా లెక్కలోకి వస్తుంది. వద్దని మీరు చెప్పడమంటే, పెద్దయ్యాక వాళ్లకు ఏం అవసరమవుతుందో తెలియకుండానే వాళ్ల తరఫున వదులుకోవడం.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ముందే చెప్తాను. అడాప్షన్ అసిస్టెన్స్ అగ్రిమెంట్, అంటే ఈ సబ్సిడీ ఒప్పంద పత్రం మీద మీ సంతకాలూ, ఏజెన్సీ తరఫు సంతకమూ ఫైనలైజేషన్‌కి ముందే, అంటే జడ్జి దత్తత ఖాయం చేస్తూ ఫైనల్ డిక్రీ ఇవ్వకముందే పడాలి. "ముందు కోర్టు పని కానివ్వండి, కాగితాలు తర్వాత చూద్దాం" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. డిక్రీ అయ్యాక అడగాలంటే అప్పీలు విచారణకి, అంటే ఫెయిర్ హియరింగ్‌కి వెళ్లి, పిల్లల గురించి ఏజెన్సీకి తెలిసిన విషయం మాకు చెప్పలేదనో, ఇలాంటి సాయం ఉందనే చెప్పలేదనో నిరూపించుకోవాలి. ఆ తలనొప్పి ఎందుకు? రెండు వైపులా సంతకాలున్న కాపీ చేతికొచ్చాకే కోర్టు తేదీకి సరేనను.

అర్హతకు "స్పెషల్ నీడ్స్" అన్న మాట వాడతారు. అది విని నువ్వు టెన్షన్ పడకు. పిల్లలకు జబ్బో వైకల్యమో ఉండాలని కాదు. వయసు, జాతి, అక్కాతమ్ముళ్లను కలిపే ఉంచాల్సి రావడం, ఆరోగ్య సమస్య, ఇలాంటి వాటిలో ఏదో ఒకటి ఉండి, సాయం లేకుండా ఇల్లు దొరకడం కష్టమని రాష్ట్రం తేల్చితే చాలు. వయసు ఎంత, ఎంతమంది తోబుట్టువులు అన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కోలా పెట్టుకుంది, మీ రాష్ట్రం నియమం అడుగు. సబ్సిడీ లేకుండా తీసుకునేవాళ్ల కోసం వెతికామని కూడా ఏజెన్సీ చూపాలి గానీ, పిల్లలు ఇప్పటికే మీకు బాగా అలవాటైపోయారు కాబట్టి ఆ వెతుకులాటకు మినహాయింపు ఉంటుంది.

ఇక నెలకు ఎంతిస్తారన్న సంగతి. ఇద్దరి అగ్రిమెంట్లూ వేరువేరుగా ఉంటాయి, వేరువేరుగానే మాట్లాడాలి. ఆ బిడ్డ ఫాస్టర్ కేర్‌లోనే ఉండి ఉంటే నెలకు ఎంత ఇచ్చేవారో అంతకు మించి సబ్సిడీ ఇవ్వరు. కాబట్టి మొదటి ప్రశ్న అదే: "ఈ బిడ్డకు ఇప్పుడు ఏ రేటు నడుస్తోంది, ఏ లెవెల్‌లో పెట్టారు?" వాళ్లు మొదట చెప్పే అంకె ఆఖరి అంకె కానక్కర్లేదు. బేరం ఆడటం అనుకుని మొహమాటపడకు. కాగితాలు ముందు పెట్టి మాట్లాడు: డాక్టర్ రికార్డులు, స్కూల్లో చేసిన పరీక్షల రిపోర్టులు, ఐఈపీ (బిడ్డ అవసరాలకు తగ్గట్టు స్కూలు రాసే చదువు ప్రణాళిక) ఉంటే అది, కన్నతల్లిదండ్రుల ఆరోగ్య చరిత్ర, కడుపులో ఉండగా మద్యమో మత్తుమందులో తగిలాయేమో ఆ వివరం. ఈ ఆఖరిది చాలామంది అడగడానికి ఇబ్బంది పడతారు. నువ్వు అడుగు. చిన్నవాడు ఇప్పుడు హుషారుగానే ఉన్నాడంటున్నావు కదా, అలాంటి ప్రభావాలు కొన్ని చదువులు ముదిరాక గానీ బయటపడవు.

ఇవాళ నిజంగానే డబ్బు అక్కర్లేదనిపిస్తే కూడా అగ్రిమెంట్ మాత్రం వదలొద్దు. నెలకు సున్నా డాలర్లని రాసి, మెడికెయిడ్ (సర్కారు ఆరోగ్య బీమా) ఉంచి, అవసరమైనప్పుడు మళ్లీ మాట్లాడుకునేలా రాసుకునే వీలు చాలా చోట్ల ఉంది. మా పెద్దవాడు మిడిల్ స్కూల్‌కి వచ్చాక థెరపీ ఖర్చులు మేము ఊహించనంత పెరిగాయి. అగ్రిమెంట్ ఉంది కాబట్టి థెరపిస్ట్ ఉత్తరం జతచేసి మళ్లీ రాశాం, నెలనెలా ఇచ్చేది పెంచారు. అది లేకపోతే ఏ తలుపు తట్టేవాళ్లమో. పెంచమని మీరు ఎప్పుడైనా అడగొచ్చు. ఫాస్టర్ రేట్లన్నీ ఒకేసారి తగ్గిస్తే తప్ప మీ ఒప్పుదల లేకుండా వాళ్లు తగ్గించకూడదు.

మెడికెయిడ్ గురించి అల్లుడు "ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది కదా" అంటాడు. ఉండనీ. ముందు అది కడుతుంది, మిగిలినదానికి మెడికెయిడ్ ఉంటుంది. పిల్లల మానసిక వైద్యం, థెరపీల విషయంలో ఆఫీసు ఇన్సూరెన్స్ ఎక్కడ ఆగిపోతుందో అవసరం వచ్చినప్పుడే తెలుస్తుంది. ఇంకొకటి, మీరు ఉద్యోగాల కోసం రాష్ట్రాలు మారే రకం. పిల్లలకు వస్తున్నది టైటిల్ ఫోర్-ఈ అనే చట్టభాగం కింద ఫెడరల్ సాయమా, రాష్ట్రం సొంత నిధులా అని అడిగి రాయించుకో. ఫెడరల్ అయితే ఎక్కడికెళ్లినా సబ్సిడీ పాత రాష్ట్రమే ఇస్తుంది, మెడికెయిడ్ కొత్త రాష్ట్రంలో దొరుకుతుంది. రాష్ట్ర నిధులైతే కొత్త చోట మెడికెయిడ్ ఇస్తారా లేదా అన్నది ముందే కనుక్కోవాలి.

లాయర్ ఫీజు, కోర్టు ఖర్చులు, హోమ్ స్టడీ (ఇంటి పరిస్థితి చూసే విచారణ), ప్రయాణాల వంటి ఒక్కసారి అయ్యే ఖర్చులకు ఒక్కో బిడ్డకు 2,000 డాలర్ల దాకా ఫెడరల్ నియమాల ప్రకారం తిరిగి ఇవ్వొచ్చు. కొన్ని రాష్ట్రాలు అంతకన్నా తక్కువ పరిమితి పెట్టుకున్నాయి. రసీదులు దాచు.

సబ్సిడీకి జీతం అడ్డం రాదని చెప్పానా, టాక్స్ క్రెడిట్‌కి, అంటే కట్టాల్సిన ఇన్‌కమ్ టాక్స్‌లో ఇచ్చే తగ్గింపుకి మాత్రం వస్తుంది. 2025 సంవత్సరానికి ఫెడరల్ అడాప్షన్ క్రెడిట్ ఒక్కో బిడ్డకు 17,280 డాలర్ల వరకు. స్పెషల్ నీడ్స్ అని రాష్ట్రం తేల్చిన పిల్లల విషయంలో పైసా ఖర్చు కాకపోయినా మొత్తం క్రెడిట్ అడగొచ్చు. దత్తత పూర్తయిన సంవత్సరం రిటర్న్‌లో ఫారం 8839 వేయాలి. అందులో 5,000 డాలర్ల వరకు టాక్స్ బాకీ లేకపోయినా చేతికొస్తుంది, ఇది 2025లోనే కొత్తగా వచ్చింది. మిగిలింది వాడుకోలేకపోతే ఐదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. అయితే 2025 లెక్కన ఆదాయం 259,190 డాలర్లు దాటితే క్రెడిట్ తగ్గుతూ వచ్చి 299,190 దగ్గర పూర్తిగా పోతుంది. మీ ఇద్దరి జీతాలూ, అల్లుడి స్టాకులూ కలిపితే ఎక్కడ తేలతారో నాకు తెలీదు. ఆ ఏడాది స్టాకులు అమ్మడం, బోనస్, రిటైర్మెంట్ ఖాతా 401కేలో ఎంత వేస్తున్నారు అన్నవి మీ టాక్స్ లెక్కలు చూసే సీపీఏతో ఫైనలైజేషన్ తేదీకి ముందే కూర్చుని చూసుకోండి. ఈ పరిమితులు ఏటా మారతాయి. ఇద్దరు పిల్లలంటే చిన్న మొత్తం కాదు కదా. రాష్ట్రం స్పెషల్ నీడ్స్ అని తేల్చిందనడానికి ఆ అగ్రిమెంటే మీ దగ్గరుండే రుజువు, దాన్ని భద్రంగా పెట్టు.

సబ్సిడీ మామూలుగా 18 ఏళ్ల దాకా. శారీరకంగానో మానసికంగానో వైకల్యం ఉందని రాష్ట్రం ఒప్పుకుంటే 21 దాకా పొడిగించొచ్చు. కాలేజీ ఇప్పుడే ఆలోచించక్కర్లేదు గానీ, టెక్సాస్, ఫ్లోరిడా లాంటి చోట్ల ఫాస్టర్ కేర్ నుంచి దత్తతకు వెళ్లిన పిల్లలకు ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ మాఫీ ఉంది. మీ రాష్ట్రంలో ఏముందో ఒక మాట అడిగి ఫైల్లో రాసి పెట్టుకో.

మీ ఆఫీసుల్లో దత్తతకు ఇచ్చే సాయం ఉందేమో ఇద్దరూ హెచ్ఆర్‌ని అడగండి, సెలవు సంగతి కూడా. కంపెనీ తిరిగి ఇచ్చిన ఖర్చునే మళ్లీ క్రెడిట్‌లో చూపకూడదు, అది సీపీఏకి చెప్పాలి.

అగ్రిమెంట్ డ్రాఫ్ట్ రాగానే ఇద్దరి కాగితాలూ స్కాన్ చేసి నాకు పంపు. నేను చదివి, ఎక్కడెక్కడ ఏం అడగాలో పక్కన రాసి పంపుతాను. అల్లుడికి ఈ ఉత్తరం చూపించు, కోపం వస్తే నాకే ఫోన్ చెయ్యమను.

ఇట్లు,
మీ పెద్దమ్మ