అద్దం ముందు ప్రాక్టీస్ మానేశాకే నాకు కెమెరా బెరుకు తగ్గింది

మీ ప్రశ్న చదువుతుంటే నా సంగతే ఎవరో రాసినట్టనిపించింది. నలుగురిలో గలగలా మాట్లాడతారు. రికార్డింగ్ మొదలైతే మాత్రం మొహం బిగుసుకుపోతుంది, గొంతు మారిపోతుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తర్వాత ఆ వీడియో చూసుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఇప్పుడు ఉద్యోగం కోసం రెండు నిమిషాల పరిచయం వీడియో పంపమన్నారు, వారం రోజులుగా అద్దం ముందు ప్రాక్టీస్ చేస్తున్నా లాభం లేదు, ఏం చేయాలి అని కదా అడిగారు. ముందు ఆ అద్దం పక్కన పెట్టేయండి. ఎందుకో చెబుతాను, కాస్త పెద్ద కథే.

నేను ఫిజిక్స్ టీచర్ని. 2020లో స్కూళ్లు మూతపడి పాఠాలన్నీ వీడియోల్లోకి మారేనాటికి నాకు 14 ఏళ్ల అనుభవం ఉంది. యాభై మంది పిల్లల ముందు నిలబడటం నాకు ఊపిరి తీసుకున్నంత మామూలు. అలాంటిదాన్ని, ఫోన్‌ని పుస్తకాల దొంతర మీద నిలబెట్టి ఎర్ర చుక్క నొక్కగానే కొయ్యబారిపోయాను. మొదటి వాక్యం ‘ఈ రోజు మనం ఘర్షణ గురించి తెలుసుకుందాం’. ఆరే మాటలు. నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి నాలుక పిడచ కట్టుకుపోయి ‘గర్షణ’ అన్నాను. ఆపాను. మళ్లీ నొక్కాను. ఈసారి ఘర్షణ సరిగ్గానే వచ్చింది కానీ ‘తెలుసుకుందాం’ దగ్గర కళ్లు పక్కకి పోయాయి. మళ్లీ ఆపాను. నోట్లో తడి ఆరిపోతే ఘర్షణ ఎంత పెరుగుతుందో ఆ రోజు ప్రయోగపూర్వకంగా తెలిసింది. సాయంత్రానికి ఫోన్‌లో 23 క్లిప్పులు తేలాయి, ఒక్కటీ నిమిషం దాటలేదు.

ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోయిందని ఆ రాత్రంతా ఆలోచించాను. క్లాసులో సగం పని పిల్లల మొహాలే చేసేవని అప్పుడు అర్థమైంది. ఒకడు నుదురు ముడేస్తే ఇంకో ఉదాహరణ చెబుతాను. ఇద్దరు తలూపితే ముందుకెళ్తాను. వెనక బెంచీలో గుసగుసలు మొదలైతే గొంతు పెంచుతాను. లెన్స్ తలూపదు, నుదురు ముడెయ్యదు. అవతల నుంచి ఏమీ రాకపోయేసరికి మనసు ఖాళీగా ఉండలేక మన మీదే పడుతుంది. పైగా స్క్రీన్ మీద నా మొహమే నాకు కనిపిస్తోంది. ఘర్షణ గురించి చెబుతున్నది నోరు మాత్రమే, నేనైతే ‘ఆ కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తోందేంటి, మెడ ఇలా పెట్టానేంటి’ అని చూసుకుంటున్నాను. మెట్లు దిగుతూ ఏ కాలు ఎప్పుడు పడుతోందో గమనించి చూడండి, తూలిపోతారు. మాట కూడా అంతే.

అందుకే అద్దం వద్దన్నాను. అద్దం ముందు మీరు మాట్లాడటం ప్రాక్టీస్ చేయడం లేదు, మాట్లాడుతూ మిమ్మల్ని మీరు తనిఖీ చేసుకోవడం ప్రాక్టీస్ చేస్తున్నారు. మీ జబ్బే అది. దాన్నే రోజుకో అరగంట సాధన చేస్తే తగ్గుతుందా?

అద్దంతో ఇంకో చిక్కు కూడా ఉంది. అందులో కనిపించే మొహం లోకానికి తెలిసిన మీ మొహం కాదు. కుడి ఎడమలు తారుమారైన ఆ బొమ్మనే మీరు చిన్నప్పటి నుంచి చూస్తున్నారు, అదే మీకు అలవాటు. 1977లో మీటా, డెర్మర్, నైట్ అనే పరిశోధకులు అమ్మాయిల ఫొటోలు తీసి, ఒక్కో ఫొటోకి మామూలు ప్రింటు ఒకటి, తిరగేసిన ప్రింటు ఒకటి తయారుచేశారు. ఏది బాగుందని అడిగితే ఆ అమ్మాయిల్లో ఎక్కువమంది తిరగేసిన దాన్నే ఎంచుకున్నారు, వాళ్ల స్నేహితురాళ్లలో ఎక్కువమంది మామూలు దాన్ని ఎంచుకున్నారు. ఎవరికి అలవాటైన మొహం వాళ్లకి నచ్చిందన్నమాట. సెల్ఫీ కెమెరాతో తీసేటప్పుడు స్క్రీన్ మీద అద్దంలో బొమ్మే కనిపిస్తుంది, సేవ్ అయ్యాక చాలా ఫోన్లలో అది మామూలుగా తిరిగిపోతుంది. పాపిడి అటు నుంచి ఇటు వచ్చేస్తుంది, ‘నా మొహం వంకరగా ఉందేంటి’ అనిపిస్తుంది. వంకరేమీ లేదు. అందరూ రోజూ చూస్తున్నది ఆ మొహాన్నే.

ఫోన్ మరీ దగ్గర పెట్టుకుంటే ముక్కు పెద్దదైపోతుంది, అది మాత్రం నిజమే. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే ముక్కు వెడల్పు 5 అడుగుల నుంచి తీసినప్పటికన్నా దాదాపు 30 శాతం ఎక్కువ కనిపిస్తుందని 2018లో అమెరికాలో ప్లాస్టిక్ సర్జన్లు లెక్కగట్టారు. కాబట్టి ఫోన్‌ని నాలుగైదు అడుగుల దూరంలో, కళ్ల ఎత్తులో పెట్టండి. మీ ఇబ్బందిలో కొంత భాగం అక్కడే పోతుంది. దూరం పెడితే గొంతు సన్నగా వినిపిస్తుంది కాబట్టి చిన్న మైకు ఉంటే మంచిది, లేకపోతే ప్రతిధ్వని లేని గది చూసుకోండి.

గొంతు విషయం కూడా ఇలాంటిదే. మన మాట మనకి గాలి ద్వారానే కాదు, పుర్రె ఎముకల ద్వారా కూడా చేరుతుంది. ఎముకలు కింది స్వరాన్ని బాగా మోస్తాయి కాబట్టి లోపల గంభీరంగా వినిపిస్తుంది. రికార్డింగ్‌లో ఆ వాటా ఉండదు. నా మొదటి క్లిప్ విని, ఎవరో సన్నగొంతు మనిషి నా చీర కట్టుకుని మాట్లాడుతోందనుకున్నాను. మా ఆయనకి వినిపించి “ఇది నా గొంతేనా?” అని అడిగాను. ఆయన చదువుతున్న పేపర్లోంచి తలెత్తి, ప్రశ్నే అర్థం కానట్టు చూసి, “మరెవరిది?” అన్నారు. ఆ గొంతుతోనే పెళ్లినాటి నుంచి కాపురం చేస్తున్నాడు పాపం, కొత్తగా వింటున్నది నేనే.

ఇవన్నీ తెలిస్తే సిగ్గు కొంత తగ్గుతుందేమో గానీ తడబాటు తగ్గదు. నా తడబాటు తగ్గించింది మా పిన్ని కొడుకు. వీడియో ఎడిటింగ్ వాడి పని. నా 23 క్లిప్పులు చూసి ఫోన్ చేశాడు.

“అక్కా, ప్రతిసారీ ఆపేస్తున్నావెందుకు?”

“తప్పు పోయింది కదరా.”

“పోతే పోనీ. ఓ చప్పట్లు కొట్టు, రెండు సెకన్లు ఊరుకో, ఆ వాక్యం మళ్లీ చెప్పు. మధ్యలోది నేను కోసేస్తా. చప్పట్లు కొట్టిన చోట సౌండ్ గీతలో ముల్లులా నిటారుగా లేస్తుంది, నాకు వెతుక్కునే పని కూడా ఉండదు.”

ఆ చప్పట్లే నన్ను బయటపడేశాయి. అంతవరకూ ప్రతి తప్పుకీ శిక్ష మొదటికి రావడం. అందుకే తప్పు రాకముందే దాని కోసం ఎదురుచూస్తూ మాట్లాడేదాన్ని. ఇప్పుడు తప్పు ఖరీదు ఒక చప్పట్లు, అంతే. చేతులు కదిలించక తప్పదు కాబట్టి భుజాలు కూడా సడలేవి. మర్నాడు 12 నిమిషాల పాఠం ఒకే రికార్డింగ్‌లో పూర్తి చేశాను, 11 చప్పట్లతో. నెల తిరిగేసరికి అవి మూడు నాలుగుకి దిగాయి. ఎడిటింగ్ మీకు రాకపోయినా పర్లేదు, మధ్యలో ముక్క కోసి అతికించడం మామూలు ఫోన్ యాప్‌లోనే గంటలో నేర్చుకోవచ్చు.

రెండో సంగతి మొదటి నిమిషం. గుండె దడ, నోరెండిపోవడం, ఊపిరి పైపైనే ఆడటం, ఇవన్నీ అడ్రినలిన్ పనులు, మొదట్లోనే ఎక్కువ. అందుకే ఆ మొదటి నిమిషాన్ని పారేయడానికే ఉంచుకోండి. రికార్డింగ్ నొక్కి, ఎదురుగా టేబుల్ మీద ఏమేం ఉన్నాయో చెప్పండి, పొద్దున్నుంచి ఏం చేశారో చెప్పండి, ఏమీ తోచకపోతే ‘నాకు ఏమీ తోచడం లేదు’ అని చెప్పండి. ఒంట్లో వేడి తగ్గాక, ఆపకుండానే, అసలు మాట మొదలుపెట్టండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

మీ మొహం మీకు కనిపించకుండా చూసుకోండి. నేను స్క్రీన్ మీద కాగితం ముక్క అంటించాను. వెనక కెమెరా వాడితే ఇంకా మేలు, క్వాలిటీ కూడా సాధారణంగా దానిదే బాగుంటుంది. జూమ్ లాంటి మీటింగుల్లో సెల్ఫ్ వ్యూ దాచేసే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కేయండి. వీడియో మీటింగుల తర్వాత జనం ఎందుకంత అలసిపోతున్నారో 2021లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ రాసినప్పుడు, గంటల తరబడి తమ మొహం తామే చూసుకోవడాన్ని ఒక కారణంగా చెప్పారు. పక్కన ఎవరో రోజంతా అద్దం పట్టుకుని తిరుగుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

‘కెమెరానే స్నేహితుడనుకో’ అనే సలహా నాకు ఎప్పుడూ పనికిరాలేదు. గాజుముక్క గాజుముక్కే. ఫోన్ వెనకాల మా అమ్మాయిని కూర్చోబెట్టడం పనికొచ్చింది. అర్థం కాకపోతే అది మొహం చిట్లించేది, దాంతో నాకు క్లాసు తిరిగొచ్చినట్టుండేది. అది దొరకని రోజు ఒక ప్రశ్న రాసి లెన్స్ కిందే అంటించేదాన్ని: ‘నేల నున్నగా ఉంటే ఘర్షణ అసలు ఉండదా మేడమ్?’ దానికి జవాబుగా మొదలుపెడితే మాట దానంతటదే మాటలా వచ్చేది. మీరు కూడా ‘మీ గురించి చెప్పండి’ అనే బండరాయి లాంటి ప్రశ్న వదిలేసి, ‘ఈ పని మీకెలా పట్టుబడింది?’ లాంటిది ఒకటి రాసి పెట్టుకోండి. మొత్తం బట్టీ పట్టొద్దు. అప్పజెబుతున్న మనిషి కళ్లు లోపలికి చూస్తుంటాయి, ఇట్టే తెలిసిపోతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం కంఠతా ఉంచుకుని, మధ్యలోకి మూడు మాటలు చీటీ మీద రాసుకుంటే రెండు నిమిషాలకి చాలు.

ఇక చేతులు. ఖాళీగా ఉంటేనే గొడవ. నేను బోర్డు లేకపోయినా సుద్దముక్క పట్టుకుని కూర్చునేదాన్ని. చూసేవాళ్లకి వింతగా ఉంటుందేమో గానీ, అది చేతిలో ఉంటే నేను టీచర్ని, లేకపోతే ఫొటో స్టూడియోలో కూర్చున్న మనిషిని. మీ పనిలో చెయ్యి ఏది పట్టుకుని ఉంటుందో అది పట్టుకోండి.

‘శాంతంగా ఉండు’ అని మీకు మీరు చెప్పుకోవడం వల్ల మాత్రం పెద్దగా ఒరిగేదేమీ లేదు. ‘నాకు హుషారుగా ఉంది’ అనుకున్నవాళ్లు, ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అనుకున్నవాళ్లకన్నా బాగా మాట్లాడారని హార్వర్డ్ పరిశోధకురాలు అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. నేను ప్రయత్నించాను, నవ్వొచ్చింది తప్ప హుషారు రాలేదు. మీకు పనిచేస్తే వదులుకోకండి.

తీసిన వీడియో అదే రోజు చూసుకోకండి. ఒక రాత్రి గడవనివ్వండి. ముందు సౌండ్ తీసేసి చూడండి, తర్వాత ఫోన్ బోర్లా పెట్టి వినండి. ఏదైనా ఒక్కటే రాసుకోండి, మిగతావి ఎంత కనిపించినా సరే. నేను మొదటిసారి రాసుకున్నది ‘అర్థమైందా’. పన్నెండు నిమిషాల్లో 19 సార్లు అన్నాను. నా దడ మాత్రం ఎంత వెతికినా వీడియోలో కనిపించలేదు. ఆ రోజు గుండె చప్పుడు మైకులో పడిపోతుందేమో అని భయపడ్డాను మరి. 2003లో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించారు. ఉపన్యాసం ఇవ్వబోయే విద్యార్థుల్లో కొందరికి, ‘మీ కంగారు మీరనుకున్నంతగా బయటికి కనిపించదు’ అని ముందే వివరించారు. ఆ సంగతి తెలిసినవాళ్లే బాగా మాట్లాడారు, వాళ్ల లెక్కలోనే కాదు, విన్నవాళ్ల లెక్కలో కూడా.

మీ వీడియో విషయానికొస్తే మూడు టేకులు తీయండి, అందులో ఒకటి పంపేయండి. నాలుగోది మూడోదానికన్నా బాగుంటుందని మీకు అనిపిస్తుంది, ఉండదు. అలసట మొహంలోకి వచ్చేస్తుంది.

కెమెరా అనే మాట వినగానే ఒళ్లంతా చెమటలు పట్టి, దానికి భయపడి అవకాశాలే వదులుకుంటున్నారంటే అది నా చప్పట్ల చిట్కాతో పోయేది కాదు. సైకాలజిస్టుని కలవండి. ఇలాంటి భయానికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (మాటల ద్వారా ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే చికిత్స) బాగా పనిచేస్తుంది.

ఫొటోల్లో నవ్వు వింతగా వస్తోందని కూడా రాశారు. నిజంగా నవ్వినప్పుడు కళ్ల చుట్టూ ఉన్న కండరం కూడా ముడుచుకుంటుంది, అది ఆజ్ఞాపిస్తే అంత తేలిగ్గా కదలదని ఫ్రెంచ్ వైద్యుడు డుషేన్ 1862లోనే రాశాడు. నోటి కండరం మాత్రం చెప్పిన మాట వింటుంది. నాలుగైదు సెకన్లు అలా పట్టి ఉంచితే వింతగా మారేది అదే. కిందికి చూసి, ఊపిరి వదిలి, తలెత్తిన క్షణంలో తీయించుకోండి. ఫోన్ పట్టుకున్నవాళ్లు ‘వన్, టూ’ అంటూ సాగదీస్తుంటే నేనైతే మొహమాటం లేకుండా చెప్పేస్తాను, “ముందు నొక్కు, లెక్క తర్వాత పెట్టుకో” అని.