ఒకే కాలిలో తొడ ఎముక, కింది ఎముక రెండూ విరిగితే ఒకేసారి ఆపరేషన్ చేయించవచ్చా?

శంషాబాద్ దగ్గర జరిగిన బైకు ప్రమాదంలో మీ తమ్ముడికి ఒకే కాలిలో తొడ ఎముక, మోకాలి కింది ఎముక విరిగాయని, డాక్టర్లు రెండింటికీ ఒకేసారి రాడ్లు వేస్తామంటే ఇంట్లో పెద్దవాళ్లు పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారని రాశారు. మా బావగారికి ఇలాంటి దెబ్బే తగిలింది. ఇక్కడే హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, ఆస్పత్రిలో ఆయన పక్కన ఉన్నది నేనే.

కట్టు ఆలోచన దయచేసి మానుకోండి. తొడ ఎముక ఒక్కటి విరిగినా లోపల లీటరుకు పైగా రక్తం పోవచ్చు. రెండూ విరిగితే మోకాలికి పైనా కిందా ఆధారం ఉండదు. డాక్టర్లు ఫ్లోటింగ్ నీ అనేది దీన్నే. కట్టుతో ఎముకలు అతికినా కాలు పొట్టిదై, మోకాలు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ.

రోగి తట్టుకోగలిగితే రెండూ ఒకేసారి చేయడమే మేలు. సాధారణంగా తొడతో మొదలుపెడతారు. ఎముకలు నడిమి భాగంలో విరిగితే మోకాలి దగ్గర ఒకే కోత నుంచి తొడలోకి ఒక రాడ్డు, కిందికి మరొకటి వేయవచ్చు. ఎముక విరిగిన చీలిక మోకాలి కీలులోకి పాకితే ప్లేట్లు అవసరమవుతాయి. బావగారికి ఛాతీకి కూడా దెబ్బ తగలడంతో మొదట బయటి నుంచి కడ్డీలు బిగించి, ఊపిరితిత్తులు కుదుటపడ్డాకే లోపలి రాడ్లు వేశారు. ఆలస్యం చేస్తున్నారని మేము కంగారుపడ్డాం కానీ, అది ప్రాణం కోసం తీసుకున్న జాగ్రత్త.

మొదటి మూడు రోజులు కళ్లలో వత్తులు వేసుకుని చూడండి. ఎముక మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరితే ఆయాసం వస్తుంది, మెదడుకు చేరితే మాట తడబడుతుంది. ఇవి కనిపించినా, పిక్క రాయిలా గట్టిపడి, కాలివేళ్లు కదిలిస్తే భరించలేని నొప్పి వచ్చినా, పాదం చల్లబడినా వెంటనే డాక్టరును పిలవండి. తెల్లవారేదాకా ఆగవద్దు.

ఇంకొక మాట తప్పక అడగండి: "మోకాలి లిగమెంట్లు పరీక్షించారా?" ఎముకల హడావిడిలో, కీలును పట్టి ఉంచే ఈ పట్టీలు మరుగున పడిపోతుంటాయి. రాడ్లు వేశాక అదే మత్తులో మోకాలిని కదిపి చూడవచ్చు.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలవండి. మీ తమ్ముడికి సిగరెట్ అలవాటుంటే మాన్పించండి, ఎముక అతకడం ఆలస్యమవుతుంది.

నా దృష్టిలో అసలు పోరాటం మోకాలు వంచడమే. ఫిజియోథెరపిస్టు బావగారి మడమ కింద ప్లాస్టిక్ కవరు పరిచి, మంచం మీదే కాలిని మెల్లగా వెనక్కి జరిపించేవారు. ఆయనకు కన్నీళ్లు వచ్చేవి, అయినా ఆపనిచ్చేవారు కాదు. మీరూ సర్జన్‌ను అడిగి, ఆయన సరే అన్న రోజు నుంచే మొదలుపెట్టించండి. కాలి మీద బరువు ఎప్పుడు మోపాలో మాత్రం ఎక్స్‌రే చూసి ఆయనే చెప్పాలి.