బాంబుల చదువు కాదా, సార్?

ప్రశ్న: మాది అనంతపురం, చెన్నై వేలచ్చేరిలో ఉంటున్నాం. మా అమ్మాయి ప్లస్ టూ. కల్పాక్కం అణు పరిశోధన కేంద్రంలో సైంటిస్టు అవుతానంటోంది. అది బాంబుల చదువు కాదా? రేడియేషన్ అంటే రేపు సంబంధాలు వస్తాయా? ఏఐ సీటే మేలేమో, రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, పోల్చమన్నారు గానీ మీ టెన్షన్ పెళ్ళి గురించి. ముందు అదే మాట్లాడుకుందాం.

నిరుడు మా అత్తగారికి థైరాయిడ్ స్కాన్ తీయించాం. సీసం డబ్బాలోంచి సిరంజి తీసి మందు ఎక్కించింది ఓ చిన్నమ్మాయే. ఛాతీ మీద బ్యాడ్జి ఉంది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది లెక్క పెడుతుంది. ఆ మందులో రేడియేషన్ ఇచ్చే టెక్నీషియం ఆరు గంటల్లో సగమైపోతుంది. ఉద్యోగి గర్భవతినని చెప్పాక, కడుపులో బిడ్డకు మిగతా నెలలన్నిటికీ కలిపి రేడియేషన్ మోతాదు 1 మిల్లీసీవర్ట్ (ఆ మోతాదుకు కొలత) దాటకూడదని రూల్. ఇంత లెక్క ఉన్న చోటికి పంపడానికి భయపడి, అదే పిల్లను హెల్మెట్ లేకుండా స్కూటీ మీద ట్యూషన్‌కు పంపుతారు!

బాంబు మాట అబద్ధమనను. 1945లో హిరోషిమా, నాగసాకి చూశాం. 1974, 1998లో పోఖ్రాన్‌లో మనమూ పేల్చాం. ఆ పరీక్షల్లో కల్పాక్కం కేంద్రాన్ని నడిపే అణుశక్తి శాఖ చెయ్యి ఉంది. ఆ పని వద్దని పాప అంటే సరే, మీరెందుకు అంటున్నారు? ఆ శాఖ పని బాంబులొక్కటే కాదు, మీ ఊళ్ళో ఎవరినైనా టీఏజీ 24 వేరుశనగ గురించి అడగండి. రేడియేషన్‌తో మార్చిన రకాల్లోంచి ముంబై ట్రాంబేలోని బార్క్ అనే అణు పరిశోధన కేంద్రంలో పుట్టిన విత్తనం అది.

ఇక ఏఐ. కోర్సు పేరు చివర ఆ రెండక్షరాలు తగిలించి ఫీజు పెంచితే పొలం అమ్మి కడుతున్నారు. పాఠం చెప్పేదెవరు, ల్యాబ్‌లో ఏముంది అని అడిగినవాళ్ళు నాకు తక్కువే తగిలారు. ఇంకో ఐదేళ్ళకు ఆ డిగ్రీ విలువ ఎంతో నేనైతే చెప్పలేను. ధైర్యంగా చెప్పేవాళ్ళను చూస్తే నాకు అనుమానం.

అలాగని డిగ్రీలోనే న్యూక్లియర్ పేరున్న కోర్సు కోసం పరుగెత్తొద్దు. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ లేదా ఫిజిక్స్ గట్టిగా చదివితే చాలు. తర్వాత బార్క్ ట్రైనింగ్ స్కూల్ ఉంది, కల్పాక్కంలోనూ నడుస్తుంది. దానికి దారి అయిన గేట్ (ఇంజనీరింగ్, సైన్స్ డిగ్రీ వాళ్ళు రాసే జాతీయ పరీక్ష) సంగతి పాపకు తెలిసే ఉంటుంది. ఆ సీటు రాకపోయినా చదివిన ఇంజనీరింగ్ చేతిలో ఉంటుంది. ఆస్పత్రుల వైపు వెళ్ళాలనుకుంటే ఫిజిక్స్ మీద మెడికల్ ఫిజిక్స్, అన్నా యూనివర్సిటీలోనే ఉంది.

ఏఐ సీటుకు అడ్వాన్సు కట్టబోతుంటే ఆపండి. పరీక్షలయ్యాక ఇద్దరూ రండి. ఆ రోజు మాత్రం సంబంధాల మాట ఎత్తకండి.