టేకు అంచు కాలుతుంటే ముందు బిట్ చూడు

తమ్ముడూ, రెండు టేకు తలుపులకే రౌటర్ (చెక్క అంచులు, గాడులు తీసే మిషన్) బిట్ మొద్దుబారి, అంచు నల్లగా కాలుతోందన్నావు. బహుశా అది హెచ్‌ఎస్‌ఎస్, అంటే హై స్పీడ్ స్టీల్ బిట్ అయి ఉంటుంది. టేకులో సిలికా ఉంటుంది, దాని ముందు ఆ పదును నిలవదు. ఉక్కు కంటే గట్టిదైన కార్బైడ్ అంచున్నదే తీసుకో. హన్మకొండలో కొనేటప్పుడు వెలుతురులో పట్టుకుని చూడు: కార్బైడ్ ముక్క మందంగా ఉండాలి, అతుకు దగ్గర సందులు, గుంటలు కనిపించొద్దు. బేరింగ్‌ను వేలితో తిప్పితే గరగరమనకూడదు.

అన్నిటికంటే ముఖ్యం షాంక్, అంటే మిషన్‌లో బిగించే బిట్ కాడ. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ సైజు కొలెట్‌లో (కాడను పట్టి ఉంచే బిగింపులో) 6 మిల్లీమీటర్ల బిట్ బిగిస్తే జారుతుంది, చాలా ప్రమాదం. నేనోసారి అలాగే బిగిస్తే బిట్ కిందికి దిగి, మంచి దర్వాజా చెక్కలో గాడి లోతుగా పడిపోయింది.

కోసేటప్పుడు ఒకచోట ఆగకు, రెండు మూడు దఫాలుగా కొంచెం కొంచెం తియ్యి.