కంపు మీద సెంటు చల్లకమ్మా

చి. శ్రావణికి,

మావయ్య ఆశీస్సులు. రాజోలు దగ్గర, బావుల గ్యాస్‌ని ఒకచోట చేర్చే గ్యాస్ కలెక్టింగ్ స్టేషన్‌లో చేరావని, చేరిన వారానికే ఊరివాళ్లు గేటు దగ్గరకొచ్చి కంపు కొడుతోందని గొడవపడ్డారని మీ అమ్మ చెప్పింది. టెన్షన్ పడకు. కాకపోతే, ప్రహరీ చుట్టూ సువాసన స్ప్రేయర్లు పెట్టిద్దామని ఎవరో అన్నారట, దానికి మాత్రం ఒప్పుకోకు. వాసన వస్తోందంటే ఎక్కడో ఆవిరి బయటికి పోతోందన్నమాట. పైన సెంటు చల్లితే ఆవిరి ఆగదు సరికదా, అది ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకునే దారి కూడా పోతుంది.

ఊరివాళ్ల మీద కోపం వద్దు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పగిలి, గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లకి కొంచెం వాసన తగిలినా నిద్ర పట్టకపోవడంలో వింతేముంది?

ముందు ఒక పుస్తకం పెట్టు. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ఎన్ని గంటలకి, ఏ వీధిలో, గాలి ఎటు వీస్తోంది, ఆ సమయానికి స్టేషన్‌లో ఏ పని నడుస్తోంది, అన్నీ రాయించు. వాసన ఎలా ఉందో కూడా అడుగు. పెట్రోలు, కిరోసిన్‌లా ఉందంటే కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే తేలికపాటి నూనె) ట్యాంకు వైపు చూడు. పెయింట్ థిన్నర్‌లా ఉందంటే గ్యాస్‌లో తేమ పీల్చే గ్లైకాల్ యూనిట్. కుళ్లిన కోడిగుడ్డులా ఉందంటే నీటి ట్యాంకులు, అడుగున పేరుకున్న మడ్డి. మన వైపు గ్యాస్‌లో సల్ఫర్ తక్కువే అయినా, నిలవ నీటిలో బ్యాక్టీరియా చేరితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు అక్కడే పుడుతుంది.

ఏ వేళకి వచ్చిందన్నది చాలా సంగతులు చెబుతుంది. మధ్యాహ్నం ఎండకి ట్యాంకు వేడెక్కి ఆవిరి వదులుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున గాలి కదలదు, చల్లగాలి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, ఆవిరి పైకి లేవదు. మధ్యాహ్నం ఎవరికీ తెలియని లీకే అప్పుడు ఊరంతా కమ్మేస్తుంది. అందుకే ట్యాంకు కడగడం, పిగ్ రిసీవర్ (పైపు లోపల శుభ్రం చేసే పరికరాన్ని బయటికి తీసే చోటు) తెరవడం, ట్యాంకర్లు నింపడం లాంటివి పొద్దెక్కి గాలి ఆడాకే పెట్టుకో.

నన్నడిగితే సగం కథ ట్యాంకు పైకప్పు మీదే ఉంటుంది. డిప్ తీసినవాడు (ట్యాంకులో సరుకు ఎంతుందో కొలిచినవాడు) మూత దించి, లాచ్ బిగించకుండా దిగిపోతాడు. మూత కింద రబ్బరు గాస్కెట్ కండెన్సేట్ తగిలి తగిలి గట్టిపడి పగులుతుంది. కింద నుంచి చూస్తే మూత వేసే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎండలో అంచు మీద గాలి సన్నగా అలలాడుతూ ఉంటుంది. పైకెక్కే ముందు గాలి ఎటుందో చూసుకుని, గ్యాస్ డిటెక్టర్ తగిలించుకునే ఎక్కు.

గాస్కెట్ మార్చినా ఆగలేదంటే సెపరేటర్ (గ్యాస్‌ని, ద్రవాన్ని విడదీసే పాత్ర) డంప్ వాల్వ్ చూడు, ద్రవాన్ని ట్యాంకుకి వదిలేది అదే. సీటులో ఇసుక ఇరుక్కుంటే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, ద్రవంతో పాటు గ్యాస్ కూడా ట్యాంకులోకి దూరుతుంది. వాల్వ్ మూసి ఉండాల్సిన వేళ ఆ లైనులో సన్నగా శబ్దం వినిపిస్తే అదే. అది బాగానే ఉంటే ప్రెషర్ సంగతి చూడాలి. ఎక్కువ ప్రెషర్‌లో ఉన్న ద్రవాన్ని నేరుగా ట్యాంకులోకి వదిలితే గోలీసోడా కొట్టినట్టు బుస్సుమంటుంది. మధ్యలో తక్కువ ప్రెషర్ సెపరేటర్ ఒకటి ఉంటే ఆ పొంగు చాలావరకు తగ్గుతుంది. ఆ తర్వాతే వేపర్ రికవరీ యూనిట్ అడుగు. ఖర్చంటారు. అది పట్టుకునేది అమ్ముకునే సరుకేనని లెక్క వేసి చూపించు.

గ్లైకాల్ పంపు వేగం చూశావా? బావుల్లో ఉత్పత్తి తగ్గినా పంపు పాత వేగంతోనే తిరుగుతుంటుంది చాలాచోట్ల. అవసరానికి మించి తిప్పిన కొద్దీ బెంజీన్, టోలీన్, మీథేన్ అన్నీ ఎక్కువ పోతాయి. వేగం తగ్గించడానికి పైసా ఖర్చు లేదు, ఇంజినీరు సంతకం చాలు. రీజనరేటర్ (గ్లైకాల్‌ని కాచి నీరు తీసేది) వెంట్‌కి, ఆవిరిని చల్లార్చి ద్రవం చేసే కండెన్సర్ లేకపోతే దానికి ఇండెంట్ పెట్టు.

ఫ్లేర్, అంటే మిగులు గ్యాస్‌ని కాల్చే గొట్టం, నల్లగా పొగ కక్కితే అందరూ కంగారుపడతారు. గాలి చాలకో, ఫ్లేర్‌కి ముందు ద్రవాన్ని ఆపే నాకవుట్ డ్రమ్ము నిండి ద్రవం పైకి పోయో అలా అవుతుంది. కానీ నాకు ఎక్కువ భయం ఆరిపోయిన ఫ్లేర్ అంటే. పొగ ఉండదు, మంట ఉండదు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, గ్యాస్ మాత్రం పచ్చిగా పోతుంటుంది. అందులో ఎక్కువ భాగం మీథేన్. 20 ఏళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. గ్యాస్‌ని మండించకుండా వదలకూడదని మన నిబంధనల్లోనూ ఉంది. పైలట్ థర్మోకపుల్ (ఫ్లేర్‌ని అంటించే చిన్న మంట వెలుగుతోందో లేదో చెప్పే వేడి సెన్సర్) పనిచేస్తోందో లేదో ప్రతి షిఫ్టులో రాయించు.

మీథేన్‌కి వాసన లేదు కాబట్టి ఫిర్యాదులు లేవని ఊరుకోకు. ఫ్లాంజులు (పైపుల అతుకులు), వాల్వు గ్లాండ్లు (వాల్వు కాడ చుట్టూ ఉండే సీళ్లు) సబ్బు నీళ్లతో చూడు, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా దొరికితే ఇంకా మంచిది. లీకు దొరికినచోట తేదీ వేసి ట్యాగ్ కట్టు, బిగించాక మళ్లీ పరీక్షించే వరకు తీయొద్దు. గ్యాస్‌తో నడిచే కంట్రోలర్లు కూడా నడిచినంతసేపూ కొంత గ్యాస్ వదులుతూనే ఉంటాయి, వాటిని ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్‌కి, అంటే కంప్రెసర్ గాలికి, మార్పించు.

ఒక్క విషయంలో మాత్రం ముక్కుని అస్సలు నమ్మొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి వంద పాళ్లు) దాటితే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన పోయిందనుకుని మనిషి లోపలికి నడుస్తాడు. మడ్డి తీసే కాంట్రాక్టు కూలీలకి డిటెక్టర్లు ఉన్నాయా, వాటి కాలిబ్రేషన్ తేదీ దాటిందా అని నువ్వే చేత్తో పట్టుకుని చూడు. సూపర్‌వైజర్ "ఉన్నాయి మేడమ్" అంటే సరిపోదు.

మెయింటెనెన్స్ కోసం ఎక్కువ ఫ్లేర్ చేయాల్సి వస్తే ముందురోజే సర్పంచ్‌కి ఫోన్ చేయి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టించు. రిపేరు అయ్యాక ఫిర్యాదు చేసినవాళ్ల ఇంటికే వెళ్లి, తగ్గిందా అండీ అని అడుగు. తగ్గలేదంటే అదీ పుస్తకంలో రాయి. నెల తిరిగాక ఆ పేజీలు ఫోటో తీసి నాకు పంపు, ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మావయ్య