కిప్ ఆపరేటస్ ఇంటికి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో 31 ఏళ్లు అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. వచ్చే నెల ల్యాబ్‌ని కొత్త బిల్డింగుకి మార్చి పాతది పడగొడతారట. మూలన పడేసిన కిప్ ఆపరేటస్, అదే ల్యాబ్‌లో వాయువు తయారుచేసే గాజు పరికరం, ఒకటుంది. నా చేతుల్తో ఎన్నిసార్లు నింపానో! గుర్తుగా తెచ్చుకుంటే తప్పా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: కిప్ అనగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన ముక్కుకి తగిలిందండీ. అందులో ఫెర్రస్ సల్ఫైడ్ ముక్కలకి ఆమ్లం తగిలి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అది. కుళాయి మూస్తే లోపలి వాయువే ఆమ్లాన్ని ముక్కలకి తగలకుండా పై బుడగలోకి నెట్టేసి, తన పుట్టుక తానే ఆపేసుకుంటుంది. ఎన్నేళ్లు పాఠం చెప్పినా అది చూడటం నాకు విసుగు రాలేదు.

బీఎస్సీ ప్రాక్టికల్ పరీక్షలో ఇచ్చిన సాల్ట్ ఏదో కనిపెట్టాలి, నాకు నైట్రేట్ వచ్చింది. ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ట్యూబు గోడ వెంట మెల్లగా జార్చాను. రెండూ కలిసేచోట నైట్రేట్‌కి గుర్తైన గోధుమ రంగు రింగ్ చక్కగా వచ్చింది. ఎగ్జామినర్‌కి చూపిద్దామని పరిగెత్తాను. ట్యూబు ఊగింది, రింగ్ మాయం! ఏడుపొక్కటే తక్కువ. మీలాంటి అసిస్టెంటు గారొకరు, ‘టెన్షన్ పడకమ్మా, మళ్లీ చెయ్యి, ఈసారి సారునే ఇక్కడికి పిలుద్దాం’ అన్నారు. ఆ ల్యాబ్ కూడా ఇప్పుడు లేదు.

ఇక మీ కిప్. దానికి స్టాక్ రిజిస్టర్లో నంబరుంటుంది, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. రద్దు జాబితాలో చేర్చాక హెచ్‌ఓడీ గారికి అర్జీ పెట్టండి. చెప్పకుండా సంచిలో వేసుకొస్తే ఇంటికొచ్చినవాళ్లకి చూపించుకోలేరు కదా. ఇస్తే మాత్రం అక్కడే శుభ్రంగా కడిగించండి. మధ్య బుడగలో ఫెర్రస్ సల్ఫైడ్ ముక్క మిగిలి, దానికి ఆమ్లం తగిలిందంటే విషవాయువే. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు.

ఇంకోమాట. బీరువాలు ఖాళీ చేసే రోజు మీరు అక్కడుండండి. వెనక అరలో పాత పిక్రిక్ ఆమ్లం సీసా ఎండిపోయి కనిపిస్తే ఎవర్నీ మూత తిప్పనివ్వకండి, రాపిడికే పేలొచ్చు. ఏళ్లనాటి ఈథర్ సీసాలతోనూ జాగ్రత్త. తెలిసినవాళ్లని పిలిపించమనండి.

కిప్ ఇవ్వడం కుదరదంటే చెక్క టెస్ట్‌ట్యూబ్ స్టాండైనా అడగండి. మా కాలేజీవాళ్లు నాకు రశీదు రాసి మరీ ఇచ్చారు. ఇప్పుడు దాంట్లో మా మనవరాలి పెన్సిళ్లున్నాయి.